నామం చివరి వరుసకు చేరాలంటే… ఆలయానికి తగిన మైకును ఎంచుకోవడం ఎలా?

భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రికి విన్నవించిన నవవిధ భక్తులలో శ్రవణం మొదటిది, కీర్తనం రెండవది. వినేవారు, కీర్తించేవారు ఒకే మండపంలో కూర్చున్నప్పుడు ఆ ఇద్దరినీ కలిపే సాధనంగా నేడు మైకు మన ఆలయాలన్నింటిలో నిలిచింది. గర్భాలయం ఎదుట కూర్చున్నవారికి అర్చకస్వామి గొంతు నేరుగానే వినిపిస్తుంది. మోకాళ్ల నొప్పితో మండపం చివర స్తంభానికి ఆనుకుని కూర్చున్న వృద్ధురాలికి మాత్రం స్వామి నామం మైకు ద్వారానే చేరాలి. ఆమెకు మాట స్పష్టంగా వినిపించకపోతే ఆనాటి ప్రవచనం ఆమె పాలిటికి జరగనట్లే.

ఇంతటి బాధ్యత మోసే ఈ చిన్న పరికరాన్ని తరచు తొందరలో కొంటున్నాము. ఉత్సవానికి రెండు రోజుల ముందు ఎవరో ఒక దాత ముందుకు వస్తారు. అంగడిలో మెరిసేది, పెట్టె అందంగా ఉన్నది కొని సమర్పిస్తారు. మరుసటి ఏడాదికి అది మూగబోతుంది. భక్తితో ఇచ్చిన ద్రవ్యం సార్థకం కావాలంటే ఏ మైకు ఎందుకు తగినదో దాతకు, ఆలయ నిర్వాహకునికి కూడా కొంత తెలిసి ఉండాలి. ఆ ఉద్దేశంతోనే ఈ పాఠాన్ని భక్తుల ముందు ఉంచుతున్నాను.

ఆలయంలో మైకు చేసే పని

ఒక గాయకుని సొంత మైకు ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆయన దానిని పెట్టెలో భద్రపరచుకుంటాడు. ఆలయపు మైకు అందరిదీ. తెల్లవారుజామున సుప్రభాతం చదివే స్వామి, ఆపై అభిషేక వేళ వేదపండితులు, మధ్యాహ్నం అన్నప్రసాద వితరణ గురించి ప్రకటించే సేవకుడు, సాయంత్రం భజన గోష్ఠిలోని మహిళలు, రాత్రి ప్రవచనకర్త, ఈ నడుమ తప్పిపోయిన బిడ్డ పేరు చెప్పించే తల్లి, అందరూ దానినే పట్టుకుంటారు. ఆ చేతులకు కొబ్బరినీళ్ల తడి ఉంటుంది, విభూతి ఉంటుంది, కుంకుమ ఉంటుంది. గాలిలో కర్పూరపు పొగ, సాంబ్రాణి ధూపం నిండి ఉంటాయి. పిల్లలు చేతికందితే తట్టి చూస్తారు, కొన్నిసార్లు జారవిడుస్తారు.

కనుక ఆలయానికి కావలసిన మైకు మూడు గుణాలు కలిగి ఉండాలి. జారిపడినా పనిచేయాలి. అలవాటు లేనివారు పట్టుకున్నా మాట స్పష్టంగా అందాలి. పాడైన భాగాన్ని తక్కువ ఖర్చుతో మార్చుకొనే వీలుండాలి. ధర, పేరు, రూపం ఈ మూడింటి తరువాతే.

రెండు రకాల మైకులు

మైకులలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది డైనమిక్ మైకు. ఇందులో పలుచని పొర ఒకటి ఉంటుంది. దానికి అంటుకుని సన్నని తీగచుట్ట, ఆ చుట్టను ఆవరించి అయస్కాంతం ఉంటాయి. గొంతు నుండి వచ్చిన గాలి కదలిక పొరను కంపింపజేస్తుంది. చుట్ట అయస్కాంత క్షేత్రంలో కదిలి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. స్పీకరు పనిచేసే తీరును తిరగవేస్తే ఇదే. దీనికి బయటి నుండి విద్యుత్తు గాని, సెల్లు గాని అవసరం లేదు. నిర్మాణం సరళం కనుక దెబ్బలకు, తేమకు, వేడికి బాగా తట్టుకుంటుంది.

రెండవది కండెన్సర్ మైకు. ఇందులో అతి పలుచని పొర, దాని వెనుక ఒక పలక ఉంటాయి. ఆ రెండింటి మధ్య దూరం మారినప్పుడు కలిగే విద్యుత్ మార్పే ధ్వనికి రూపం. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1962లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రేకు ఎలక్ట్రెట్ పద్ధతిని కనుగొన్నాక ఈ రకం మైకులు చిన్నవై, చవకై లోకమంతా వ్యాపించాయి. కాలర్ మైకులలో ఎక్కువ భాగం ఈ జాతివే. వీటికి విద్యుత్తు కావాలి. పెద్ద రకాలకు సాధారణంగా మిక్సర్ నుండి 48 వోల్టులు అందించవలసి ఉంటుంది. ఇవి సున్నితమైన ధ్వనిని కూడా చక్కగా పట్టుకుంటాయి. వీణ, వేణువు వంటి వాద్యాల ధ్వనిని నిశ్శబ్దమైన గదిలో ముద్రించడానికి ఇవి శ్రేష్ఠమైనవి. అయితే ఆ సున్నితత్వమే ఆలయంలో చిక్కు తెస్తుంది. ప్రవచనకర్త గొంతుతోపాటు గంటల మోత, పంకా శబ్దం, క్యూలో మాటలు, ఎదుటి స్పీకరు ధ్వని అన్నీ లోపలికి వచ్చి చేరుతాయి. తేమకు, పొగకు ఇవి త్వరగా లొంగుతాయి.

అందువల్ల పదిమంది చేతులు మారే ఆలయపు మైకుగా వైరుతో కూడిన డైనమిక్ మైకునే నేను ముందుగా సూచిస్తాను.

మైకుకూ ముఖముంటుంది

మైకు అన్ని దిక్కుల నుండి సమానంగా వినదు. గొంతు కోసం తయారైన మైకులలో ఎక్కువ భాగం కార్డియాయిడ్ అనే పద్ధతివి. ఇవి ఎదుటి ధ్వనిని బాగా, పక్కల ధ్వనిని కొంత తక్కువగా, వెనుక ధ్వనిని అతి తక్కువగా వింటాయి. 1939లో షూర్ సంస్థ విడుదల చేసిన యూనిడైన్ మైకు ఒకే ఒక్క మూలకంతో ఈ ఏకదిశా శ్రవణాన్ని సాధించిన తొలి మైకు. అంతకు ముందు ఆ గుణం కోసం రెండు మూలకాలను ఒకే పెట్టెలో అమర్చవలసి వచ్చేది.

ఈ గుణం తెలిస్తే మైకు కూత పెట్టడానికి గల కారణం అర్థమవుతుంది. స్పీకరు నుండి వెలువడిన ధ్వని తిరిగి మైకులోకి ప్రవేశించి, మళ్లీ స్పీకరు ద్వారా పెరిగి, తిరిగి మైకులోకి వస్తూ చక్రంలా తిరగడమే ఆ కూత. కార్డియాయిడ్ మైకు వెనుక భాగం స్పీకరు వైపు ఉంటే ఆ చక్రం తెగిపోతుంది. అందుచేత స్పీకర్లు మైకు కన్నా ముందుగా, భక్తుల వైపు తిరిగి ఉండాలి. గాయకునికి వినిపించడానికి చిన్న స్పీకరు పెట్టినట్లయితే అది మైకు తోకకు సూటిగా ఎదురుగా ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అనే మరో రకం ఉంది. అది పక్కల ధ్వనిని ఇంకా తక్కువగా వింటుంది గాని సూటిగా వెనుక నుండి వచ్చేదాన్ని కొంత వింటుంది. దానికి చిన్న స్పీకరును వెనుక ఇరుపక్కలకు జరిపి పెట్టాలి. నలుగురూ వాడే చోట కార్డియాయిడ్ తేలిక.

మరో రెండు లెక్కలు గుర్తుంచుకోదగినవి. నోటికి, మైకుకు మధ్య దూరం రెట్టింపైతే మైకుకు చేరే ధ్వని దాదాపు 6 డెసిబెల్ తగ్గుతుంది. అప్పుడు యాంప్లిఫైయర్ పెంచుతాము, కూత మొదలవుతుంది. నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని పాడితే ఈ బాధ చాలావరకు ఉండదు. అలాగే తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా పెంచగల ధ్వని దాదాపు 3 డెసిబెల్ తగ్గుతుంది. భజనలో ఎనిమిది మైకులు తెరిచిపెట్టడం కన్నా మూడింటిని సరైన చోట నిలిపి, మిగిలినవి మూసివేయడం వలన నామం స్పష్టంగా వినిపిస్తుంది.

గుండ్రని జాలీని అరచేతితో కప్పి పట్టుకోవడం మన భజనలలో తరచుగా కనిపించే అలవాటు. అలా కప్పితే వెనుక ధ్వనిని వదిలివేసే ద్వారాలు మూసుకుని మైకు అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది. కూత వెంటనే వస్తుంది. మైకును నడుమ భాగంలో పట్టుకోవాలని ప్రతి కొత్త గాయకునికి ముందే చెప్పాలి.

బీరువాలోని మైకులు చెప్పే పాఠం

ఒక ఆలయంలో పనిచేయని మైకులను పరిశీలించమని నన్ను అడిగారు. బీరువాలో పదకొండు ఉన్నాయి. కొన్నింటిపై దాతల పేర్లు అందంగా చెక్కించి ఉన్నాయి. వాటిలో మంచి వైరుకు తగిలించగానే ఏడు పలికాయి. లోపం మైకులో లేదు. వైరు చివర జాక్‌లో టంకం ఊడిపోయింది, లేదా వైరు మధ్యలో తెగింది. మరో రెండింటికి స్విచ్ పాడైంది. నిజంగా గొంతు పోయినవి రెండే. ఆ ఏడింటికి బదులుగా ఏటేటా కొత్త మైకులు కొంటూ వచ్చారు.

దీని నుండి నేను గ్రహించినది ఒక్కటే. ఆలయానికి మైకు ఇవ్వదలచినవారు మంచి వైరును కూడా ఇవ్వాలి. వైరులో రెండు పద్ధతులున్నాయి. లావుపాటి ఒంటి పిన్నుతో ఉండే సాధారణ వైరు అయిదారు మీటర్లు దాటితే గుయ్‌మనే శబ్దాన్ని తెచ్చుకుంటుంది. ముఖ్యంగా దీపాలంకరణ తీగల పక్కగా పోతే ఆ శబ్దం పెరుగుతుంది. రెండు వైపులా మూడు పిన్నులుండే ఎక్స్‌ఎల్‌ఆర్ వైరులో ఒకే సంకేతం రెండు తీగలలో పరస్పరం వ్యతిరేక రూపంలో ప్రయాణిస్తుంది. దారిలో చేరిన శబ్దం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కనుక మిక్సర్ ఆ రెండింటి భేదాన్ని తీసుకున్నప్పుడు శబ్దం రద్దయి గొంతు మాత్రమే మిగులుతుంది. మండపం నుండి యాంప్లిఫైయర్ గది దాకా 30 మీటర్ల దూరమైనా ఇది నిశ్శబ్దంగా చేరుతుంది. మైకుకు, మిక్సర్‌కు ఇరువైపులా ఈ మూడు పిన్నుల ద్వారం ఉందో లేదో కొనే ముందే చూడాలి.

ఏ మైకు తగినది?

ప్రపంచమంతటా గొంతు మైకుకు కొలమానంగా నిలిచినది షూర్ ఎస్ఎం58. 1966లో వెలువడిన ఈ మైకు నేటికీ దాదాపు అదే రూపంలో తయారవుతోంది. బరువు 298 గ్రాములు. 50 నుండి 15,000 హెర్ట్జ్ వరకు ధ్వనిని గ్రహిస్తుంది. దీని జాలీ, లోపలి ధ్వని మూలకం విడిగా దొరుకుతాయి. అంటే పడి జాలీ సొట్టపోయినా మొత్తం మైకును పారవేయనవసరం లేదు. సెన్‌హైజర్ ఈ835 కూడా ఇదే కోవకు చెందిన కార్డియాయిడ్ డైనమిక్ మైకు. అంత వెచ్చించలేని చోట బెహ్రింగర్ ఎక్స్ఎం8500 వంటివి తక్కువ ధరలో అదే పద్ధతిని అనుసరిస్తాయి. మన దేశంలో 1940 నుండి ఉన్న అహూజా సంస్థ మైకులు చిన్న పట్టణాలలో సైతం దొరుకుతాయి. వాటికి మరమ్మతు చేసేవారు దగ్గరలో ఉండటం పల్లె ఆలయానికి పెద్ద వసతి.

పేరున్న మైకులకు నకిలీలు కూడా ఎక్కువే. ఎస్ఎం58 నకిలీలు లోకమంతటా చలామణిలో ఉన్నాయి. అసలు ధరలో సగానికే ఇస్తామన్న చోట అనుమానించడం మేలు. అధీకృత విక్రేత వద్ద రసీదుతో, హామీ పత్రంతో కొనడమే దాత ద్రవ్యానికి రక్ష.

ధరను చూసేటప్పుడు ఏడాది లెక్కన చూడాలి. ఊహకు, 1,500 రూపాయల మైకు ఏడాదికొకటి చొప్పున పాడైతే పదేళ్లలో 15,000 అవుతుంది. 9,000 రూపాయల మైకు, నడుమ 1,500 పెట్టి మార్చిన విడిభాగాలతో పదేళ్లు నిలిస్తే 10,500తో సరిపోతుంది. ఖరీదైనది చవకైనట్లు అప్పుడు తేలుతుంది. అయితే నిత్యం వాడకం లేని చిన్న ఆలయానికి మధ్యరకం మైకు చాలు. మిగిలిన ధనం వైరుకు, స్టాండుకు వినియోగించవచ్చు.

స్విచ్ విషయం కూడా ఆలోచించదగినది. అందరూ వాడే మైకుకు స్విచ్ లేని రకమే మేలని నా అభిప్రాయం. ప్రవచనం మధ్యలో తెలియక వేలు తగిలి మైకు ఆగిపోవడం, ఎందుకు ఆగిందో తెలియక సేవకులు పరుగెత్తడం తప్పుతుంది. ధ్వనిని తెరవడం, మూయడం మిక్సర్ వద్ద కూర్చున్నవారే చూసుకుంటారు.

కార్డ్‌లెస్ ఎప్పుడు?

హరికథకు వైరు అడ్డు. హరికథా పితామహునిగా కీర్తి పొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) వారి సంప్రదాయంలో కథకుడు కాలికి గజ్జె కట్టి, చేత తాళం పట్టి, వేదికంతా తిరుగుతూ ఆడి పాడి కథ నడుపుతాడు. ఆయన చేతికి మైకు ఇవ్వడం కుదరదు. అటువంటి సేవకు తలకు తగిలించే కార్డ్‌లెస్ మైకు ఉచితమే. ఊరేగింపులో స్వామి వెంట నడుస్తూ పాడేవారికి కూడా అదే తగినది.

నిత్య సేవకు మాత్రం కార్డ్‌లెస్ ఖర్చుతో కూడినది. ఒకే ధరలో దొరికే వైరు మైకుతో పోలిస్తే అందులో ధ్వని భాగానికి పోయే సొమ్ము తక్కువ. మిగిలినది ప్రసారానికి, గ్రహణానికి పోతుంది. సెల్లులు సమయానికి ఛార్జి చేయాలి. శివరాత్రి జాగరణలో అర్ధరాత్రి సెల్లు అయిపోతే మరొకటి సిద్ధంగా ఉండాలి. ఒకే తరంగంపై రెండు మైకులు పనిచేస్తే ఒకదానినొకటి చెరుపుకుంటాయి. కార్డ్‌లెస్ ఇచ్చే దాత దానితోపాటు ఛార్జర్‌ను, రెండు జతల సెల్లులను కూడా సమర్పిస్తే ఆ దానం సంపూర్ణమవుతుంది. పక్కన వైరు మైకు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

శుచి

పదిమంది నోటి దగ్గర మెదిలే వస్తువు కనుక శుచి తప్పనిసరి. చాలా డైనమిక్ మైకులలో జాలీని మరవిప్పినట్లు తిప్పి తీయవచ్చు. దానిని, లోపలి స్పాంజిని గోరువెచ్చని సబ్బు నీటిలో మెత్తని బ్రష్‌తో కడిగి, నీడలో పూర్తిగా ఆరిన తరువాత మాత్రమే తిరిగి బిగించాలి. మైకు మొండెం మీద నీళ్లు గాని, క్రిమిసంహారక ద్రావకం గాని నేరుగా చల్లరాదు. మైకుపై తొడిగే స్పాంజి తొడుగులను వ్యక్తికొకటి మార్చుకోవడం మరింత మంచిది. వారానికొకసారి ఈ పని చేసే సేవకుడొకరు ఉంటే మైకు ఆయుర్దాయం పెరుగుతుంది.

కొనే ముందు ఒక పరీక్ష

వీలైతే రెండు మైకులను ఆలయానికే తెప్పించి, అక్కడి స్పీకర్లతో, అక్కడి గొంతులతో పరీక్షించాలి. ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక వృద్ధుడు అదే భాగాన్ని చదవాలి. మండపం చివర ఒకరు కళ్లు మూసుకుని వినాలి. శ, ష, స అక్షరాలు వేరువేరుగా వినిపిస్తున్నాయా? ప, భ వంటి అక్షరాల వద్ద గాలి కొట్టుకుంటున్నదా? మైకును చేతులు మార్చుకున్నప్పుడు గరగర వినిపిస్తున్నదా? మంత్రంలో అక్షరభేదం ప్రధానం కనుక గొంతు గంభీరంగా ఉండటం కన్నా అక్షరం విడిగా వినబడటాన్నే ఎంచుకోవాలి. మైకు నోటికి మరీ దగ్గరైతే మంద్ర ధ్వని పెరిగి మాట ముద్దగా అవుతుంది. మిక్సర్‌పై లో-కట్ మీట ఉంటే దానిని నొక్కితే ఆ ముద్ద చాలావరకు విడిపోతుంది.

దాతలకు మనవి

ఒక మైకు ఇవ్వదలచినవారు దానిని జతగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. జత అంటే కార్డియాయిడ్ డైనమిక్ మైకు ఒకటి, ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు రెండు, బరువైన పీఠం గల స్టాండు ఒకటి, అదనపు జాలీ ఒకటి, స్పాంజి తొడుగులు నాలుగు, భద్రపరచే పెట్టె ఒకటి. మైకుపై పేరు చెక్కించుకోవడం కన్నా, కొన్న తేదీ, రసీదు సంఖ్య, మరమ్మతు వివరాలు రాసే చిన్న పుస్తకాన్ని ఆ పెట్టెలో ఉంచడం ఆలయానికి ఎక్కువ మేలు చేస్తుంది. కొత్తది ఇచ్చే ముందు పాతవి ఎందుకు పలకడం లేదో ఒకసారి అడగండి. ఒక వైరు ఖరీదుతో ఒక మైకు ప్రాణం పోసుకోవచ్చు. ఆ సేవ చిన్నదేమీ కాదు.

చివరగా ఒక మాట. మంచి మైకు పెద్ద శబ్దం కోసం కాదు. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడటంపై నిషేధముంది. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ పరిమితి. ఆలయం పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లవాడు, జ్వరంతో పడుకున్న రోగి కూడా స్వామి బిడ్డలే. మాట స్పష్టంగా ఉన్నప్పుడు శబ్దం పెంచవలసిన అవసరం తగ్గుతుంది. స్పీకర్లను వీధి వైపు గాక మండపం లోపలికి తిప్పి, మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచితే, స్తంభానికి ఆనుకున్న ఆ వృద్ధురాలు చెవి వద్ద అరచేయి పెట్టుకోకుండానే స్వామి నామాన్ని వినగలుగుతుంది.